లూకా ఎవరికి రాశాడో చూసి చదవాలి

సంపాదకులకు నమస్కారం.

మీ క్రిస్మస్ అనుబంధంలో లూకా సువార్త (బైబిల్లో యేసు జీవితం చెప్పే నాలుగు పుస్తకాల్లో మూడోది) మీద వచ్చిన వ్యాసం ప్రధానంగా రెండు మాటలు చెప్పింది. అది పేదల గురించి ఎక్కువగా మాట్లాడే సువార్త అన్నది మొదటి మాట. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే అది పేదల కోసం రాసిన సువార్త అన్నది రెండో మాట. పేచీ ఆ ‘అందుకే’ దగ్గర వస్తోంది. ఎవరి గురించి రాస్తే వాళ్లకే రాసినట్టు అనుకోవడం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆదివారం ప్రసంగాల్లోనూ మామూలే. కానీ ఆ పుస్తకం మొదటి నాలుగు వచనాల దగ్గరే ఈ లెక్క తప్పుతుంది. శ్రమల కాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) దగ్గరపడుతోంది, చాలా సంఘాల్లో లూకా పాఠాలే తీసుకుంటారు. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాం.

ఆ నాలుగు వచనాలూ గ్రీకులో ఒకే ఒక్క పొడవాటి వాక్యం. పండితులు రాసే తీరు అది. అందులో రచయిత తన పేరు చెప్పుకోడు గానీ ఎవరికి రాస్తున్నాడో చెబుతాడు: ‘ఘనతవహించిన థెయొఫిలా’. ఇదే రచయిత రెండో సంపుటమైన అపొస్తలుల కార్యాల్లో ఈ మర్యాద ఇంకో ఇద్దరికి దక్కింది, ఫేలిక్సుకు (23:26, 24:3), ఫేస్తుకు (26:25). ఇద్దరూ యూదయను ఏలిన రోమా అధిపతులు. దీన్నిబట్టి థెయొఫిలు కూడా అధిపతేనని తేల్చలేం. అయితే రెక్కాడితే గాని డొక్కాడని మనిషిని ఆ కాలంలో ఎవరూ అలా సంబోధించరు. పోషకుడి పేరు పీఠికలో పెట్టి పుస్తకం అంకితమివ్వడం నాటి గ్రీకు, రోమా రచయితల అలవాటు. నెల్లూరు, అద్దంకి వాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికీ, ఎర్రన హరివంశాన్ని ప్రోలయ వేమారెడ్డికీ అంకితమిచ్చారు. అంతమాత్రాన ఆ కావ్యాలు రాజుగారొక్కరే చదువుకోవడానికి కాదు. థెయొఫిలును అలాంటి కృతిపతి అనుకుంటే సరిపోతుంది. అసలు పాఠకులు అతని వెనక ఉన్నారు, కానీ కృతిపతి స్థాయిని చూస్తే పుస్తకం ఏ సభలో చదవడానికి తయారైందో కొంత తెలుస్తుంది.

నాలుగో వచనంలో ఇంకో సంగతి ఉంది. థెయొఫిలు ఇప్పటికే ఉపదేశం పొందినవాడు. అతను విన్నవి నిశ్చయమైనవేనని తెలుసుకోవడం కోసం ఈ పుస్తకం. అంటే యేసు పేరు ఎన్నడూ విననివాడి చేతికిచ్చే కరపత్రం కాదిది. విన్నవాడికి, కొంత నమ్మినవాడికి, ఇంకా తేలని ప్రశ్నలున్నవాడికి రాసిన పుస్తకం. బస్టాండుల్లో విడిగా పంచే చిన్న సువార్త పుస్తకాల్లో లూకాను చదివినవాళ్లు ‘ఏమీ అర్థం కాలేదండీ’ అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పాఠకులెవరో పుస్తకం లోపలి ఆనవాళ్లూ చెబుతాయి. కపెర్నహూము గలిలయలోని పట్టణమని (4:31), అరిమతయి యూదుల పట్టణమని (23:51), పులియని రొట్టెల పండుగనే పస్కా అంటారని (22:1) లూకా పనిగట్టుకుని చెబుతాడు. ఆ ఊళ్లు, ఆ పండుగలు ఎరిగినవాళ్లకు ఇవి అక్కర్లేదు. పక్షవాత రోగిని ఇంటి పైనుంచి దించిన సంఘటన చూడండి. గ్రీకు మూలంలో మార్కు (2:4) కప్పు తవ్వారంటాడు. కర్రలు, రెల్లు పరిచి పైన మట్టి మెత్తిన పాలస్తీనా మిద్దె అది. లూకా (5:19) పెంకులు విప్పి దించారంటాడు. గ్రీకు పట్టణాల్లో పెంకుటిళ్లు చూసినవాళ్లకు కళ్లకు కట్టేలా మార్చాడన్నమాట. చేతులు కడుక్కోకుండా తినడం మీద మార్కు ఏడో అధ్యాయంలో నడిచే పెద్ద వాదం లూకాలో లేదు. మత్తయి వంశావళి అబ్రాహాముతో మొదలవుతుంది, లూకాది ఆదాము దాకా వెళుతుంది (3:38). యెషయా మాటలను నలుగురు సువార్తికులూ బాప్తిస్మమిచ్చే యోహాను బోధకు జోడిస్తారు గానీ, సకల శరీరులు దేవుని రక్షణ చూస్తారన్న పాదం దాకా ఉటంకించినవాడు లూకా ఒక్కడే (3:6).

అయితే వీళ్లు యూదుల లేఖనాలు బొత్తిగా తెలియని అన్యులు అనుకున్నా పొరపాటే. 1:5 నుంచి శైలి ఒక్కసారిగా మారి, గ్రీకులోకి వచ్చిన పాత నిబంధన ధోరణిలో నడుస్తుంది. నజరేతు సమాజమందిరంలో (యూదుల ప్రార్థనా స్థలంలో) యేసు పాత నిబంధనలోని సారెపతు విధవరాలిని, సిరియా దేశస్థుడైన నయమానును పేరెత్తితే చాలు (4:25-27), వాళ్ల కథలు పాఠకుడికి తెలుసన్న ధీమా అక్కడ కనిపిస్తుంది. గ్రీకు లోకమూ, యూదుల లేఖనాలూ రెండూ తెలిసినవాళ్లెవరంటే, యూదులుగా పుట్టకపోయినా సమాజమందిరానికి వెళ్లే భయభక్తులు గల అన్యులు. సమాజమందిరం కట్టించిన కపెర్నహూము శతాధిపతి, అంటే వందమంది సైనికుల అధికారి (7:5), కార్యాల్లోని కొర్నేలి అలాంటివాళ్లే. ఈ పుస్తకాన్ని క్రీ.శ. 80-90 ప్రాంతంలో రాశారని ఎక్కువమంది పండితులు, 60ల తొలినాళ్లకు తీసుకెళ్లేవాళ్లు కొందరు. పౌలుతో తిరిగిన వైద్యుడు లూకా రాశాడన్నది రెండో శతాబ్దం నుంచి వస్తున్న సంప్రదాయం. వీటి మీద తరగతిలో గంటలు గడపడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు పేదల సంగతి. మత్తయి ‘ఆత్మవిషయమై దీనులైనవారు’ అన్నచోట లూకా ‘బీదలైన మీరు’ అంటాడు (6:20). అక్కడితో ఆగడు, నాలుగు వచనాల తర్వాత ధనవంతులకు శ్రమ అంటాడు. మరియ పాటలో ఆకలిగొన్నవాళ్లు తృప్తిపడతారు, ధనవంతులు వట్టి చేతులతో వెళతారు (1:53). ప్రసవం తర్వాత శుద్ధి చేసుకునేటప్పుడు యోసేపు, మరియ గొర్రెపిల్లను అర్పించలేదు, రెండు పక్షుల బలి ఇచ్చారు (2:24). గొర్రెపిల్లను తేలేనివాళ్లకు లేవీయకాండం 12:8 ఇచ్చిన వెసులుబాటు అది. ఇవన్నీ పేదలకు ఓదార్పుగా వినిపించడం సహజం, వినిపించాలి కూడా. కానీ వీటిని పట్టుకుని ‘ఓర్చుకోండి, పరలోకంలో అంతా సర్దుకుంటుంది’ అన్న ప్రసంగం చేస్తే లూకా రాసిన దిశ తలకిందులవుతుంది. ఎందుకంటే ఈ పుస్తకంలో ‘ఏమి చేయాలి’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబులు ఉన్నవాళ్ల కోసం ఉన్నాయి. యోర్దాను దగ్గర జనం అడిగితే రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి, ఆహారమున్నవాడూ అలాగే చేయాలి అని యోహాను చెబుతాడు. సుంకరులు (పన్ను వసూలు చేసేవాళ్లు) నిర్ణయించినదానికి మించి వసూలు చేయకూడదు. సైనికులు బెదిరించి లాక్కోకూడదు, జీతంతో తృప్తిపడాలి (3:10-14). ఈ మూడు జవాబులూ మరే సువార్తలోనూ లేవు. అవి ఇవ్వడానికి ఉన్నవాళ్లకు, చేతిలో అధికారమున్నవాళ్లకు వర్తించే మాటలు.

ఈ దారిలోనే మిగతావీ చదవాలి. ఆస్తి పంపకం తగువు తెచ్చినవాడి సందర్భంలో ధాన్యపు కొట్లు విప్పి పెద్దవి కట్టించాలనుకున్న ధనవంతుడి ఉపమానం వస్తుంది (12:13-21). విందు పెట్టినవాడితో యేసు, స్నేహితులను, బంధువులను, డబ్బున్న పొరుగువాళ్లను పిలవొద్దు, బీదలను, అంగహీనులను, కుంటివాళ్లను, గుడ్డివాళ్లను పిలువు అంటాడు (14:12-14). మన క్రిస్మస్ ప్రేమవిందుల్లో ముందు వరస కుర్చీలు ఎవరికి వేస్తున్నామో, దానికి పై వచనాలు (14:7-11) ఏమంటున్నాయో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇక 18, 19 అధ్యాయాలు. ఒక అధికారిని ఉన్నదంతా అమ్మి ఇమ్మంటే అతను ఎంతో దుఃఖపడ్డాడు (18:23). కొద్ది దూరంలోనే ధనవంతుడైన సుంకరి జక్కయ్య సగం ఆస్తి ఇస్తానంటాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానంటాడు (19:8). మోసం చేసి తీసుకున్న సొమ్ముకు లేవీయకాండం (6:5) అడిగింది అసలుతో పాటు అయిదో వంతు మాత్రమే. జక్కయ్య దాన్ని దాటిపోయాడు. ఒకరికి మొత్తం, ఒకరికి సగం. లూకా ఒకే రేటు కట్టలేదు. కాబట్టి ఆదాయంలో పదో వంతు మందిరానికివ్వాలన్న దశమభాగం లెక్కకు జక్కయ్యను సాక్ష్యంగా నిలబెట్టడం కుదరదు.

ఈ సంగతి మన ప్రాంతంలో మరీ ముఖ్యం. 1876-78 కరువు నాటి రోజుల తర్వాత, 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి చివర వాడల్లో, పూటకూటికి కటకటలాడిన మనుషులు. లాజరు కథ (16:19-31: ధనవంతుడి వాకిట పడి ఉన్న బీదవాడు చనిపోయాక సుఖపడతాడు, ధనవంతుడు పాతాళంలో యాతన పడతాడు) వాళ్లు విన్నప్పుడు ధనవంతుడి వాకిట పడి ఉన్నది తామేనని అనుకుని ఉంటే అది సరైన పఠనమే. ఆ కుటుంబాల్లో చాలావాటిలో ఇవాళ టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, కాంట్రాక్టర్లున్నారు, రొయ్యల చెరువులు లీజుకు తీసుకున్నవాళ్లున్నారు. వాకిలి ఇప్పుడు వాళ్లది. అయినా ప్రసంగం మాత్రం ఇంకా లాజరు వైపు నుంచే సాగుతోంది. అదే పట్టణంలో అడ్డా మీద పని కోసం నిలబడేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు లాజరే దగ్గర. ఒకే మందిరంలో ఇద్దరూ కూర్చున్నప్పుడు ఏ వైపు మాట ఎవరికి చెందుతుందో బోధకుడు విడమరచి చెప్పకపోతే, ఉన్నవాడు ఓదార్పు తీసుకుని వెళ్లిపోతాడు.

దీనికి తరగతిలో పనికొచ్చే చిన్న పద్ధతి ఉంది. ఏ ఉపమానమైనా సరే, కథలోకి దిగకముందు దాని పై వచనాలు రెండు మూడు చదవాలి. యేసు ఎవరితో మాట్లాడుతున్నాడో లూకా దాదాపు ప్రతిసారీ అక్కడ రాసిపెడతాడు. మంచి సమరయుడు: తాను నీతిమంతుడనిపించుకోగోరిన ధర్మశాస్త్రోపదేశకుడు (10:29). పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గంవాడు), సుంకరి: తామే నీతిమంతులమని నమ్ముకుని ఇతరులను తృణీకరించేవాళ్లు (18:9). ధనవంతుడు, లాజరు: ధనాపేక్షగల పరిసయ్యులు (16:14). పదిమంది దాసుల మీనాల (ఆనాటి డబ్బు లెక్క) కథ: దేవుని రాజ్యం వెంటనే కనబడుతుందని తలచినవాళ్లు (19:11). ఆ శ్రోత పేరు బోర్డు మీద రాసి, కథంతా అయ్యాక ఆ శ్రోతకు ఏమి తగిలి ఉంటుందని అడగాలి. ఈ ఒక్క పనితో సగం అపార్థాలు పోతాయి.

ఎక్కువగా చెడేది తప్పిపోయిన కుమారుడి దగ్గర. ఉజ్జీవ కూటాల్లో ప్రసంగం చిన్నకొడుకు తిరిగొచ్చి విందు మొదలయ్యే 15:24తో ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ ఆపితేనే ముందుకు రమ్మని పిలుపు ఇవ్వడం సులువు. కానీ ఈ కథ విన్నది ఇల్లు విడిచిపోయిన కుర్రాళ్లు కారు. సుంకరులతో కలిసి భోంచేస్తున్నాడని సణిగిన పరిసయ్యులు, శాస్త్రులు (15:2). వాళ్ల బొమ్మ 25 నుంచి 32 వరకు ఉంది, పొలం నుంచి వచ్చి లోపలికి రానన్న పెద్దకొడుకు. తండ్రి బయటికొచ్చి బతిమాలతాడు. పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయడు. ఆ ఎనిమిది వచనాలు కోసేస్తే ఉపమానం ఎవరికి చెప్పాడో వాళ్లు పూర్తిగా తప్పించుకున్నట్టే. లాజరు కథలో చెడేది వేరే రకం. దాన్ని పాతాళం నక్షా లాగా గీసి చూపించడంతో గంట గడిచిపోతుంది, బతికున్న అయిదుగురు అన్నదమ్ముల గురించి (16:28) ఎవరూ మాట్లాడరు. పైగా సండే స్కూలు పిల్లలు ఈ లాజరును, యోహాను 11లో సమాధిలోనుంచి లేచిన బేతనియ లాజరును ఒకరే అనుకుంటారు. మొదటి రోజే విడదీసి చెప్పడం మంచిది.

పరిసయ్యుడు అన్న మాటను తిట్టుగా వాడటం కూడా లూకా చదివినవాళ్లకు తగదు. ఈ సువార్తలో పరిసయ్యులు యేసును మూడుసార్లు భోజనానికి పిలిచారు (7:36, 11:37, 14:1). హేరోదు చంపాలని చూస్తున్నాడు, వెళ్లిపో అని హెచ్చరించిందీ పరిసయ్యులే (13:31).

మిగతా ప్రధానాంశాలను క్లుప్తంగా తాకుతాం. ప్రార్థన: బాప్తిస్మమప్పుడు యేసు ప్రార్థిస్తున్నాడని చెప్పేది లూకా మాత్రమే (3:21). శిష్యులను ఎంచుకోకముందు రాత్రంతా ప్రార్థన (6:12). స్త్రీలు: మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, సూసన్న మొదలైనవాళ్లు తమ ఆస్తితో యేసు బృందానికి ఉపచారం చేశారు (8:1-3). సువార్త ప్రయాణానికి ఖర్చు పెట్టినవాళ్లను పేర్లతో రాసిన చోటు ఇది, థెయొఫిలు లాంటి పోషకుడు ఆగి చదవాల్సిన చోటు కూడా. స్త్రీల కూటాల్లో కూడా ఈ మూడు వచనాలు అరుదుగా వినిపిస్తాయి. లూకా పురుషుడి పక్కన స్త్రీని జంటగా పెడతాడు: జెకర్యా పక్కన మరియ, సుమెయోను పక్కన అన్న, నూరు గొర్రెలవాడి పక్కన పది నాణేల ఆమె. పరిశుద్ధాత్మ, దేవాలయం గురించి వేరే ఉత్తరం రాయాలి.

చదివే పద్ధతి గురించి. డిసెంబరు ఒకటి నుంచి రోజుకో అధ్యాయం చొప్పున ఇరవై నాలుగు అధ్యాయాలూ క్రిస్మస్ ముందు రోజుకు పూర్తవుతాయని మీ అనుబంధం సూచించింది. లెక్క బాగానే ఉంది. ఇబ్బందల్లా అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దంలో చేసినది, లూకా చేసినది కాదు. 15, 16 అధ్యాయాలను వేర్వేరు రోజుల్లో చదివితే 15లో సణిగిన పరిసయ్యులు 16లోనూ వింటున్నారన్న సంగతి జారిపోతుంది. పుస్తకానికి నడుము లాంటి మలుపు 9:51, యేసు యెరూషలేముకు వెళ్లడానికి మనసు స్థిరపరచుకున్న చోటు, అధ్యాయం చివర్లో ఇరుక్కుపోయి ఉంది. దానికి బదులు అయిదు భాగాలుగా గట్టిగా చదివి చూడండి: 1:1 నుంచి 4:13, అక్కడి నుంచి 9:50, తర్వాత 13:21, తర్వాత 19:27, చివరికి 24:53. ప్రయాణం చాలా పొడవు కాబట్టి 13:22 దగ్గర కోశాం, అక్కడ లూకాయే యెరూషలేము ప్రయాణాన్ని మళ్లీ గుర్తు చేస్తాడు. ఒక్కో భాగానికి గంట కేటాయిస్తే చర్చకూ కొంత మిగులుతుంది. చదివేవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే గొంతు అలవదు. పుస్తకాన్ని రెండోసారి చదివేటప్పుడు పెన్సిలుతో మత్తయి, మార్కులలో లేని భాగాల పక్కన గీత గీయాలి. చాలామటుకు గీతలు మొదటి రెండు అధ్యాయాల్లోనూ, 9:51 తర్వాతి ప్రయాణంలోనూ పడతాయి. లూకా ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది ఎక్కువగా అక్కడే ఉంది.

క్రిస్మస్ నాటికలో కాపరులు, జ్ఞానులు ఒకే పశువుల తొట్టి చుట్టూ నిలబడటం గురించి పెద్దగా కోపగించుకోనక్కర్లేదు, అది పిల్లల వేడుక. పాఠం చెప్పేటప్పుడు మాత్రం విడదీయాలి. నక్షత్రం, జ్ఞానులు, ఐగుప్తుకు పారిపోవడం మత్తయివి. జనసంఖ్య, తొట్టి, కాపరులు లూకావి. జ్ఞానులు ముగ్గురని ఎవరూ రాయలేదు. జనసంఖ్య మీద తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మహా హేరోదు (పైన చెప్పిన హేరోదు తండ్రి) క్రీ.పూ. 4లో చనిపోయాడు, సిరియా అధిపతి కురేనియు జనసంఖ్య క్రీ.శ. 6లో జరిగిందని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు, యేసు పుట్టుకను ఈ ఇద్దరి కాలంతోనూ ముడిపెట్టే లూకాలో రెండూ ఎలా పొసుగుతాయని. పండితుల మధ్య ఇంకా తేలని చిక్కు ఇది. తేలిపోయినట్టు నటించడం కంటే చిక్కుందని చెప్పి ముందుకెళ్లడమే మర్యాద.

చివరగా శుభ శుక్రవారం. మన సంఘాల్లో ఏడుగురు వక్తలకు సిలువ మీది ఏడు మాటలు పంచుతారు. అందులో మూడు లూకావి, మొదటిది (23:34), రెండోది (23:43), ఏడోది (23:46). మూడు యోహానువి. ‘నా దేవా, నా దేవా’ అన్న నాలుగోది మత్తయి, మార్కులది, లూకాలో లేదు. ఎవరి మాట ఏ పుస్తకంలోదో పంచే రోజే వక్తలకు రాసిస్తే అందరూ ఒకే కథను ఏడుసార్లు చెప్పే బాధ తప్పుతుంది. ‘తండ్రీ, వీరిని క్షమించుము’ అన్న మొదటి మాట తీసుకున్నవాళ్లు, ఆ వచనం కొన్ని ప్రాచీన ప్రతుల్లో లేదని తెలుసుకుని ఉండాలి, అధస్సూచికలున్న బైబిళ్లు పట్టుకొచ్చే యువకులు అడుగుతారు. దాన్ని కార్యాలు 7:60లో స్తెఫను తనను చంపుతున్నవాళ్ల కోసం చేసిన ప్రార్థన పక్కన పెట్టి చదివితే రెండు సంపుటాల పోలిక తెలుస్తుంది. రెండో మాట వక్త మార్కును కలపకూడదు. అక్కడ ఇద్దరు దొంగలూ నిందించారు, ఇక్కడ ఒకడే. ‘నేడు నీవు నాతోకూడ’ అన్నదానిలోని ‘నేడు’ను కాపరులు విన్న 2:11, నజరేతులోని 4:21, జక్కయ్య ఇంటి 19:9తో ముడిపెడితే ఇరవై నిమిషాల ప్రసంగానికి అది చాలు.

ఆత్మను తండ్రి చేతికి అప్పగించే ఏడో మాట కీర్తన 31:5 నుంచి వచ్చింది, ముందు ‘తండ్రీ’ చేరింది. దాన్ని అక్కడ ఆపకుండా తర్వాతి వచనం కూడా చదవాలి. మార్కులో శతాధిపతి ‘దేవుని కుమారుడు’ అంటాడు, లూకాలో ‘ఈ మనుష్యుడు నీతిమంతుడు’ అంటాడు (23:47). దీనికి ముందు తీర్పు చెప్పిన రోమా అధిపతి పిలాతు మూడుసార్లు ఈయనలో నేరం కనబడలేదన్నాడు (23:4, 14, 22), హేరోదుకూ కనబడలేదు (23:15), పక్క సిలువ మీదివాడూ అదే చెప్పాడు (23:41). రోమా న్యాయస్థానం చంపించిన మనిషిని ప్రభువుగా ఒప్పుకున్న థెయొఫిలుకు ఊరి పెద్దల ముందు తల ఎత్తుకోవడానికి కావలసిన సాక్ష్యం ఇది. అదీ ఒక రోమా అధికారి నోట వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి జనం లేవబోతుంటారు గనుక ఏడో వక్త ఈ వరసనంతా చెప్పాలంటే ముందున్న ఆరుగురూ తమ సమయానికి కట్టుబడాలి.

ఇట్లు,
పెద్దల బైబిలు తరగతుల ఉపాధ్యాయులు కొందరు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా